కోరమండల్ నుంచి కూడా ఒక పేపరు వెళ్లాలి

మారికుప్పం నుంచి బెంగళూరుకు పొద్దున్నే బయలుదేరే రైలు ఎక్కినవాళ్లకు తెలుసు. ఛాంపియన్, ఊర్గాం దాటి బండి కోరమండల్ చేరేసరికి కూర్చోవడానికి చోటుండదు. బంగారుపేట వచ్చేసరికి నిలబడడానికీ ఉండదు. ఆ బండిలో మన పిల్లలుంటారు. ఆఫీసుల్లో కేబుళ్లు లాగేవాళ్లు, కాల్ సెంటర్లలో రాత్రి డ్యూటీలు చేసేవాళ్లు, సెక్యూరిటీ గార్డులు, ఇంజనీరింగ్ చదివేవాళ్లు అందరూ ఉంటారు. గనులు మూతపడిన తర్వాత ఆ రైలే మన ఊరికి అన్నం పెడుతోంది.

మా సంఘం యువజన కూటానికి వచ్చే ఒక చెల్లెలు ఆ బండిలోనే మూడు నెలలు ఒక పని చేసింది. దారి పొడుగునా ఫోన్ సిగ్నల్ ఎక్కడ పోతుంది, ఎంతసేపు పోతుంది, ఏ కంపెనీది ముందు తిరిగొస్తుంది అని రోజూ నమోదు చేసుకుంది. బండి కిక్కిరిసినప్పుడు సిగ్నల్ బార్లు నిండుగా కనిపిస్తున్నా డేటా ఎందుకు కదలదో తెలుసుకోవాలనుకుంది. ఆరు పేజీలు రాసింది. నాకు చూపించింది. ఇంగ్లీషు అక్కడక్కడా తడబడినా విషయం మంచిది.

ఇంతలో ఆమెకు ఒక ఈమెయిల్ వచ్చింది. కంప్యూటర్ నెట్‌వర్కుల మీద అంతర్జాతీయ కాన్ఫరెన్స్ అట, పేపరు పంపమన్నారు. పంపింది. రెండో రోజుకే జవాబు. "అన్నా, సెలెక్ట్ అయింది!" అని ఫోన్ చేసింది. నేనూ సంతోషించాను, నిజం దాచడం దేనికి? మూడో రోజు ఫీజు కట్టమని ఇంకో మెయిల్. వాళ్లమ్మ కమ్మలు తాకట్టు పెట్టింది. బంగారం తవ్విన ఊళ్లో తాత మిగిల్చిన బంగారం అదొక్కటే. ఒక హోటల్ హాల్లో పది నిమిషాలు మాట్లాడింది, ఎవరూ ఒక్క ప్రశ్న అడగలేదు. ఫోటో తీశారు, సర్టిఫికెట్ ఇచ్చారు.

ఆరు నెలల తర్వాత పై చదువుకు ఇంటర్వ్యూకి వెళ్తే అక్కడ ఒకరు అడిగారట, "ఈ పేపరును ఎవరు పరీక్షించారమ్మా? ఏమని రాశారు?" అని. ఆమె దగ్గర జవాబు లేదు. ఎవరూ పరీక్షించలేదు, ఎవరూ ఏమీ రాయలేదు. ఆ సర్టిఫికెట్ తీసి బ్యాగులో పెట్టుకుని వచ్చేసింది. ఆ నిర్వాహకుల పేరు ఇక్కడ రాయను. ఆ పేరు పోతే రేపు ఇంకో పేరుతో వస్తారు. నేను మాట్లాడదలచుకున్నది మన గురించి. ఆమెకు ముందే చెప్పగలిగినవాళ్లం ఒక్కరం కూడా ఎందుకు లేకపోయాం?

తేదీ విలువ తెలిసిన ఊరు మనది

పరిశోధన, పేపరు, కాన్ఫరెన్స్ అనగానే అవి మనవి కావు, ఐఐటీల వాళ్లవి అనుకుంటాం. కేజీఎఫ్ వాళ్లు అలా అనుకోవడం మాత్రం వింతే. ప్రపంచ విజ్ఞాన చరిత్రలో మన ఊరి పేరు ఒక పేపరు వల్లనే నిలిచింది.

ముంబయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు 1951 నుంచే మన గనుల్లోకి దిగి కాస్మిక్ కిరణాలను కొలిచారు. నేల లోతుకు వెళ్లే కొద్దీ ఆకాశం నుంచి వచ్చే రొద తగ్గిపోతుంది. అంత నిశ్శబ్దంలోనే న్యూట్రినో అనే అతి చిన్న కణం జాడ పట్టుకోవచ్చు. 1965లో ఛాంపియన్ రీఫ్ గనిలో, సుమారు 2.3 కిలోమీటర్ల లోతున, టాటా ఇన్‌స్టిట్యూట్, జపాన్‌లోని ఒసాకా, ఇంగ్లండ్‌లోని డర్హమ్ యూనివర్సిటీల వాళ్లు కలిసి వాతావరణంలో పుట్టిన న్యూట్రినోల జాడ పట్టుకున్నారు. సరిగ్గా అదే రోజుల్లో దక్షిణాఫ్రికాలో, జోహన్నెస్‌బర్గ్ దగ్గర ఇంకో బంగారు గనిలో, ఫ్రెడరిక్ రైనెస్ బృందం అదే పని చేస్తోంది. వాళ్లు తమ మొదటి జాడను ఆ ఏడాది ఫిబ్రవరిలోనే చూశారు. కానీ మన గని పేపరు పత్రికకు చేరిన తేదీ 1965 జులై 12. వాళ్లది జులై 26. మనది ఆగస్టు 15న అచ్చయింది, వాళ్లది ఆగస్టు 30న.

రెండు వారాల తేడా. ముందు చూసింది వాళ్లే అయినా ముందు రాసి పంపింది మన గనిలో పనిచేసినవాళ్లు. అందుకే ఈ రోజుకూ ఆ చరిత్ర చెప్పేటప్పుడు కోలార్ పేరు చెప్పకుండా ముందుకు పోలేరు. ఎంత గొప్ప సంగతి చూసినా రాసి, పరీక్షకు నిలబెట్టి, పదిమంది ముందు పెట్టేదాకా అది చూసినవాడి దగ్గరే ఉండిపోతుంది.

ఇందులో మనం ఆలోచించాల్సిన ఇంకో సంగతి ఉంది. ఆ పేపరు మీద 11 మంది పేర్లున్నాయి. నరసింహం, రమణమూర్తి లాంటి పేర్లు చదివితే మనకు ముచ్చటేస్తుంది. కానీ వాళ్లను అంత లోతుకు దించిన కేజ్ నడిపినవాళ్లు, ఆ సొరంగాలు తొలిచినవాళ్లు, కొయ్యదూలాలు నిలబెట్టి పైకప్పు కూలకుండా కాపాడినవాళ్లు ఆ వరుసలో లేరు. ఉత్తర ఆర్కాడు నుంచి, చిత్తూరు వైపు నుంచి వచ్చిన తమిళ, తెలుగు కూలీలు వాళ్లు. ఎక్కువమంది దళితులు, వాళ్లలో ఎంతోమంది క్రైస్తవులు. మన తాతలు. విజ్ఞానానికి దారి తవ్వింది వాళ్లు, రాసింది వేరేవాళ్లు. నేను ఎవరినీ తప్పుపట్టడం లేదు. అప్పటి లోకం అలా ఉంది. మనవళ్ల కాలంలోనూ అలాగే ఉండాలా అన్నదే ప్రశ్న.

వల ఎవరి కోసం వస్తుంది?

నెట్‌వర్క్ అంటే వల. వల ఎప్పుడూ ఎవరో ఒకరి అవసరం కోసం వేస్తారు. 1902లో కావేరి మీది శివనసముద్రం నుంచి కేజీఎఫ్‌కు కరెంటు వచ్చింది. సుమారు 147 కిలోమీటర్ల లైను. ఆ రోజుల్లో ప్రపంచంలోనే అతి పొడవైన లైన్లలో ఒకటి. బెంగళూరు వీధులకు దీపాలు వచ్చింది 1905లో. బెంగళూరు కంటే మూడేళ్లు ముందు మనకు కరెంటు వచ్చిందని గొప్పగా చెప్పుకుంటాం. వచ్చిన మాట నిజమే. వచ్చింది మాత్రం గని యంత్రాల కోసం, బంగారం పైకి తీయడం కోసం. తడికె గోడల కూలీ లైన్లను వెలిగించడానికి ఎవరూ 147 కిలోమీటర్లు తీగ లాగలేదు.

ఇంటర్నెట్ కూడా అంతే. టవర్ ఎక్కడ పెట్టాలి, కేబుల్ ఏ వీధి దాకా రావాలి, రద్దీలో ఎవరి డేటా ముందు పోవాలి, ఎవరిది ఆగాలి అనేవి దేవుడు రాసిన రాతలు కావు. మనుషులు తీసుకున్న నిర్ణయాలు. ఆ నిర్ణయాల వెనక లెక్కలుంటాయి, ఆ లెక్కల వెనక పేపర్లుంటాయి. ఆ పేపర్లు చర్చకు వచ్చే చోటు కంప్యూటర్ నెట్‌వర్కింగ్ కాన్ఫరెన్సులు. ఈ రంగంలో కొత్త ఆలోచన చాలాసార్లు పత్రికల్లో కంటే ముందు ఈ సమావేశాల్లోనే బయటికి వస్తుంది. అక్కడ మన ఊరి రైలు గురించి ఎవరూ మాట్లాడకపోతే, ఆ లెక్కల్లో మన ఊరి రైలు ఉండదు.

మా చెల్లెలు పట్టుకున్న విషయం చిన్నదని ఎవరైనా అనుకుంటే ఒక సంగతి చెబుతాను. 1986 అక్టోబరులో అమెరికాలో బర్క్లీ యూనివర్సిటీకి, పక్కనే ఉన్న లారెన్స్ బర్క్లీ ప్రయోగశాలకు మధ్య నెట్‌వర్క్ కుప్పకూలింది. రెండింటి మధ్య దూరం 400 గజాలే. సెకనుకు 32 వేల బిట్లు పోయే దారిలో 40 బిట్లు మాత్రమే పోతున్నాయి. వ్యాన్ జాకబ్సన్ అనే ఆయన "ఇది ఎందుకిలా అయింది?" అని పట్టుకుని కూర్చున్నాడు. రద్దీ పెరిగినప్పుడు ప్రతి కంప్యూటరూ మళ్లీ మళ్లీ అదే సమాచారాన్ని తోస్తూ దారిని ఇంకా మూసేస్తోందని తేలింది. దారి ఇరుకైనప్పుడు ప్రతివాడూ కాస్త వెనక్కి తగ్గి, మెల్లగా మళ్లీ వేగం పెంచుకునే పద్ధతులు రాశాడు. 1988లో సిగ్‌కామ్ కాన్ఫరెన్సులో ఆ పేపరు చదివాడు. ఈ రోజు ఇంటర్నెట్ కుప్పకూలకుండా నిలబడడం వెనక ఆ ఆలోచన ఉంది. నాలుగు వందల గజాల సమస్యను ఒకడు చిన్నచూపు చూడలేదు. మనకు బంగారుపేట దాకానే దానికి ఎన్నో రెట్ల దూరం ఉంది.

నిజమైన దారి ఎలా ఉంటుంది

యువతీ యువకులారా, ఈ భాగం మీకోసం. నిజమైన కాన్ఫరెన్సుకు పేపరు పంపడం ఎలా ఉంటుందో తెలిస్తే అబద్ధపు కాన్ఫరెన్సును గుర్తుపట్టడం తేలిక.

ముందు పిలుపు వస్తుంది. ఏ విషయాల మీద పేపర్లు కావాలి, ఎన్ని పేజీలు, ఏ తేదీలోగా అని అందులో ఉంటుంది. పేపర్లను ఎంచే కమిటీలో ఎవరున్నారో పేర్లతో సహా బహిరంగంగా ఉంటుంది. వాళ్లు నిజంగా ఆ రంగంలో పనిచేస్తున్నారో లేదో మీరు వెతికి చూడొచ్చు. చాలాచోట్ల ముందు సారాంశం నమోదు చేయాలి, వారం తర్వాత పూర్తి పేపరు పెట్టాలి. గడువు దాటితే ఒక్క నిమిషానికి కూడా తలుపు తెరవరు. పేజీ ఎక్కువైనా, అక్షరాల సైజు తగ్గించి మోసం చేసినా చదవకుండానే తిప్పి పంపుతారు.

ఈ రంగంలోని మంచి కాన్ఫరెన్సులు పేపరు పంపడానికి సాధారణంగా ఒక్క రూపాయి కూడా తీసుకోవు. ఈ మాట గుర్తుంచుకోండి. పేపరు ఒప్పుకున్న తర్వాతే, రాసినవాళ్లలో కనీసం ఒకరు రిజిస్ట్రేషన్ కట్టి, వచ్చి చదవాలి. విద్యార్థులకు ఆ ఫీజు తక్కువ. ప్రయాణానికి సాయం ఇచ్చే ఏర్పాట్లు కూడా చాలాచోట్ల ఉంటాయి, అడగాలి అంతే.

పంపిన తర్వాత వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. కనీసం ముగ్గురు చదువుతారు. పేరున్న చాలా కాన్ఫరెన్సుల్లో రాసినవాళ్ల పేర్లు చదివేవాళ్లకు తెలియవు, చదివినవాళ్ల పేర్లు రాసినవాళ్లకు తెలియవు. "ఈ కొలత ఎలా చేశారు? ఇన్ని రోజుల డేటా చాలుతుందా? ఇంతకుముందు ఫలానావాళ్లు చేసిన దానికి దీనికి తేడా ఏమిటి?" అని రాస్తారు. సిగ్‌కామ్ లాంటి పెద్ద చోట వందలో సుమారు ఎనభై పేపర్లు తిరిగొస్తాయి. నా మొదటి పేపరూ తిరిగొచ్చింది. ముగ్గురిలో ఒకరు రాసిన అర పేజీ విమర్శ చదివి వారం రోజులు ముఖం ముడుచుకుని తిరిగాను. తర్వాత తెలిసింది, నా కాలేజీ నాలుగేళ్లలో నా పనిని అంత శ్రద్ధగా చదివిన మనిషి ఆయనొక్కడే అని. పేరు కూడా తెలియని మనిషి, రూపాయి తీసుకోకుండా.

అన్ని తలుపులూ సిగ్‌కామ్ అంత ఎత్తులో ఉండవు. పెద్ద కాన్ఫరెన్సుల పక్కనే చిన్న వర్క్‌షాపులు, రెండు పేజీల పోస్టర్లు, విద్యార్థుల కోసం ప్రత్యేక వేదికలు ఉంటాయి. మొదటిసారి రాసేవాళ్లు అక్కడ మొదలుపెట్టడం మంచిది. అమెరికాకే పోనక్కర్లేదు. సిగ్‌కామ్ 2010లో ఢిల్లీకే వచ్చింది. కామ్స్‌నెట్స్ అనే అంతర్జాతీయ కాన్ఫరెన్స్ 2009లో మొదలై ఏటా జనవరిలో మన బెంగళూరులోనే జరుగుతోంది. మన పిల్లలు రోజూ ఎక్కే బండి చేరే ఊరే అది. వాళ్లు కేబుళ్లు లాగే హోటళ్లలాంటి చోటే ఆ సభ జరుగుతుంది. వెనక గుమ్మంలోంచి వెళ్తున్న చోటికి ముందు గుమ్మంలోంచి ఎందుకు వెళ్లకూడదు?

అబద్ధపు దారి ఎలా ఉంటుంది

రెండు రోజుల్లో అంగీకారం. పరీక్షకుల మాట ఒక్కటీ లేదు. పేపరు గురించి కాక ఫీజు గురించే మెయిళ్లు. వైద్యం, వ్యవసాయం, మేనేజ్‌మెంట్, కంప్యూటర్లు అన్నీ ఒకే హాల్లో. "రాకపోయినా సర్టిఫికెట్ పంపుతాం" అనే మాట. ఇవి కనిపిస్తే జేబు పట్టుకోండి.

2005లో అమెరికాలో ఎంఐటీ విద్యార్థులు ముగ్గురు ఒక ప్రోగ్రాం రాశారు. అది అర్థం లేని వాక్యాలతో కంప్యూటర్ సైన్సు పేపర్లు తయారుచేస్తుంది. అలా తయారైన ఒక పేపరును ఒక కాన్ఫరెన్సుకు పంపితే ఒప్పుకున్నారు! లోకం నవ్వింది. కానీ మన ఇళ్లలో కమ్మలు తాకట్టు పెట్టినప్పుడు ఎవరూ నవ్వలేరు. ఈ వ్యాపారం మన తెలుగు నేల మీద కూడా పెరిగింది. మా చెల్లెలి సంగతితో సంబంధం లేని వేరే కేసు ఇది. హైదరాబాద్ కేంద్రంగా నడిచిన ఓమిక్స్ సంస్థ పత్రికల విషయంలోనూ కాన్ఫరెన్సుల విషయంలోనూ పరిశోధకులను మోసపుచ్చిందని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో కేసు వేసింది. 2019లో అక్కడి కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించమని తీర్పిచ్చింది.

ఇక్కడ మనల్ని మనం కూడా అడగాలి. డబ్బు కట్టి తెచ్చుకున్న సర్టిఫికెట్‌తో ప్రమోషన్ కోసం, మార్కుల కోసం చూసేవాళ్లు మన సంఘాల్లో లేరా? ఎవరూ పరీక్షించలేదని తెలిసీ "అంతర్జాతీయ స్థాయిలో ప్రచురితం" అని బయోడేటాలో రాస్తే అది అబద్ధ సాక్ష్యమే. మోసపోయినవాళ్లు వేరు, తెలిసి కొనుక్కున్నవాళ్లు వేరు. మొదటివాళ్లకు అండగా నిలబడాలి, రెండోవాళ్లకు నిజం చెప్పాలి.

బంగారు ఉంగరం వేసుకుని వచ్చినవాడు

యాకోబు పత్రిక రెండో అధ్యాయం మనకు కంఠతా వచ్చు. సభలోకి బంగారు ఉంగరం పెట్టుకున్నవాడు, మాసిన బట్టలవాడు వస్తే ఎవరిని ఎక్కడ కూర్చోబెడుతున్నారని ఆయన నిలదీస్తాడు. ఎన్నోసార్లు ప్రసంగాల్లో విన్నాం. పేర్లు దాచి పేపర్లు చదివే పద్ధతి గురించి తెలిసినప్పుడు నాకు ఆ అధ్యాయమే గుర్తొచ్చింది. 2017లో అచ్చయిన ఒక పరిశోధన ఉంది. ఒకే కాన్ఫరెన్సుకు వచ్చిన పేపర్లను సగంమంది పరీక్షకులకు పేర్లతో, సగంమందికి పేర్లు లేకుండా ఇచ్చి చూశారు. పేర్లు కనిపించినవాళ్లు ప్రసిద్ధులవైపు, పేరున్న సంస్థలవైపు మొగ్గారు. రచయిత చేతికి ఉంగరం ఉందో లేదో చూడకుండా పేపరు మాత్రమే చదవమని చెప్పడానికి ఆ లోకం ఒక నియమం పెట్టుకుంది. ఇంటి పేరు చూసి, పేట పేరు చూసి మనిషిని అంచనా వేసే దేశంలో అది చిన్న విషయం కాదు.

దానితోనే న్యాయం పూర్తయిపోతుందని నేను అనను. పేరు దాచినా ఇంగ్లీషు దాగదు. వెయ్యి కంప్యూటర్లతో ప్రయోగం చేసినవాడి పేపరు ఒక్క పాత ఫోన్‌తో చేసినదాని కంటే బలంగానే కనిపిస్తుంది. పేపరు ఒప్పుకున్నాక వీసా, విమానం, రిజిస్ట్రేషన్ దగ్గర ఉంగరం మళ్లీ మాట్లాడుతుంది. అయినా తలుపు ఒక వేలెడంత తెరిచి ఉంది. ఆ వేలెడు సందులో కాలు పెట్టమనే నేనంటున్నది.

మన పిల్లలు అక్కడికి వెళ్తే ఆ లోకానికీ మేలే. నెట్‌వర్కులను కొలవడమంటే ఒక్కోసారి మనుషులను కొలవడమే. 2015లో ఇంటర్నెట్ సెన్సార్‌షిప్‌ను కొలిచే ఒక పేపరును సిగ్‌కామ్ ఒప్పుకుంది. అందులో వేరే దేశాల ప్రజల బ్రౌజర్లను వాళ్లకు తెలియకుండానే వాడారు. ఆ మనుషులకు ముప్పు రావచ్చు కదా అని కమిటీ గట్టిగా తర్జనభర్జన పడి, తన అభ్యంతరాన్ని ఆ పేపరు మీదే అచ్చువేసింది. ఇలాంటి చర్చల్లో, కొలవబడేవాళ్ల పక్షం నుంచి మాట్లాడే మనుషులు కావాలి. 1930లో వేలిముద్రలు వేసి నమోదు చేసుకోవాలన్న కంపెనీ హుకుంకు ఎదురు తిరిగి సమ్మె చేసిన ఊరు మనది. అనుమతి లేకుండా తమ గుర్తులు తీసుకోవడమంటే ఏమిటో ఆ కూలీలకు ఏ పేపరూ చదవకుండానే తెలుసు. ఆ తెలివి మన వారసత్వం.

ఇంకో మాట. 2023 మే నెలలో మణిపూర్ తగలబడినప్పుడు ఇంటర్నెట్ ఆపేశారు. నెలల తరబడి సరిగా రాలేదు. కాలిపోయిన చర్చిల సంగతి, స్త్రీల మీద జరిగిన అఘాయిత్యం సంగతి మనకు ఎంత ఆలస్యంగా తెలిసిందో గుర్తుందా? ఏ ప్రాంతంలో ఏ గంటకు నెట్‌వర్క్ ఆగింది, ఎప్పుడు తిరిగొచ్చింది అని దూరం నుంచే కొలిచి రాసిపెట్టే పరిశోధకులున్నారు. అది కూడా సాక్ష్యమే. మనం ప్రార్థన చేశాం, ఊరేగింపులు తీశాం, మంచిదే. కానీ ఆ కొలత కొలిచేవాళ్లలో మనవాళ్లు ఎంతమంది?

సంఘం చేయగలిగినవి

"ఇదంతా లోక జ్ఞానం, పిల్లలకు ముందు వాక్యం నేర్పండి" అనే పెద్దలున్నారు. వాళ్ల మీద నాకు గౌరవమే. కానీ తలాంతును మట్టిలో పాతిపెట్టినవాడిని యజమాని మెచ్చుకోలేదని వాక్యమే నేర్పింది. "ఉద్యోగాలే లేవు, సైనైడ్ దిబ్బల దుమ్ము పీల్చి జనం దగ్గుతుంటే పేపర్లెందుకు?" అనే మిత్రులూ ఉన్నారు. ఆ ప్రశ్న ఇంకా బరువైనది. నా జవాబు ఒక్కటే. ఆ దుమ్ము ఏ వీధిలో ఏ గంటకు ఎంత లేస్తుందో చెప్పే చవక సెన్సార్లను ఒకదానితో ఒకటి కలిపి, ఆ లెక్కను అధికారులు కాదనలేని విధంగా నిలబెట్టడం కూడా నెట్‌వర్కింగ్ పరిశోధనే. దగ్గుతున్నవాడి మనవరాలు ఆ పేపరు రాస్తే దానికుండే బలం వేరు.

అందుకే సంఘ పెద్దల ముందు, పాస్టరు గారల ముందు ఈ మనవి పెడుతున్నాను.

మొదటిది, డబ్బు కట్టే ముందు ఇద్దరికి చూపించే అలవాటు పెడదాం. ఏ కాన్ఫరెన్స్ ఫీజైనా, ఏ పత్రిక ఫీజైనా, ఆ రంగం తెలిసిన ఇద్దరు సరే అనేదాకా ఎవరి అమ్మా కమ్మలు తీయకూడదు. బెంగళూరులో, హైదరాబాద్‌లో, అమెరికాలో పనిచేస్తున్న మన సంఘ బిడ్డలు వందలమంది ఉన్నారు. క్రిస్మస్‌కు కానుక పంపుతారు. ఆ కానుకతో పాటు నెలకు ఒక గంట ఇమ్మని అడుగుదాం. ఒక చిత్తుప్రతి చదివి, తప్పులు చెప్పడానికి.

రెండోది, చర్చి హాలు ఆదివారం తప్ప ఖాళీగానే ఉంటుంది. శనివారం సాయంత్రం పదిమంది కూర్చుని ఒక పేపరు చదవొచ్చు. ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగులో, తమిళంలో, కన్నడలో మాట్లాడుకుంటూ అర్థం చేసుకోవచ్చు. కేజీఎఫ్‌లో మూడు భాషలు కలిపి మాట్లాడడం ఎవరికి రాదు? కేబుళ్లు లాగే అన్నను కూడా పిలవండి. ఏ బిల్డింగులో ఏ స్విచ్ ఎందుకు వేడెక్కుతుందో ప్రొఫెసరు కంటే ఆయనకే బాగా తెలుసు. ఆయన చెప్పింది పేపరులో వాడుకుంటే ఆయన పేరు కూడా వేయండి. మన తాతల విషయంలో జరిగింది మనం మళ్లీ చేయకూడదు.

మూడోది, కన్వెన్షన్లకు పందిళ్లు వేస్తాం, సౌండ్ సిస్టమ్‌కు ఖర్చు పెడతాం. అందులో చిన్న భాగం పక్కన పెట్టి, నిజంగా పరీక్షకు నిలబడి గెలిచిన పేపరుకు రిజిస్ట్రేషన్, రైలు టికెట్ ఇద్దాం. ఏడాదికి ఒక్కరికి ఇచ్చినా చాలు.

నాలుగోది, పేపరు తిరిగొచ్చిన రోజున కూడా ప్రార్థన విన్నపాల్లో ఆ పేరు చదువుదాం. పరీక్ష ఫెయిలైనవాడిని, పేపరు తిరిగొచ్చినదాన్ని మనం మాటల్లో పెట్టుకుని చిన్నబుచ్చుతాం. అందుకే పిల్లలు తిరస్కరణకు భయపడి, డబ్బుకు దొరికే అంగీకారం వైపు పోతున్నారు. ఆ భయంలో మన వాటా ఉంది.

యోబు గ్రంథం 28వ అధ్యాయం చదవండి. అది గని పనివాళ్ల అధ్యాయం. మనుషులు జనసంచారం లేని చోట సొరంగాలు తవ్వడం, చీకటి లోతుల్లో వేలాడుతూ రాళ్లను తొలవడం, వెండి బంగారాలు పైకి తేవడం అన్నీ అందులో ఉన్నాయి. ఇదంతా చెప్పి యోబు అడుగుతాడు, మరి జ్ఞానం ఎక్కడ దొరుకుతుందని. బంగారం పెట్టి దాన్ని కొనలేమంటాడు. మన ఊరికి ఇంతకంటే సరిపోయే అధ్యాయం ఇంకొకటి లేదు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. బంగారం ఎవరికి పోయిందో పోయింది. కొనలేని ఆ రెండోది ఇంకా మన చేతికి అందే చోటే ఉంది.

మా చెల్లెలు ఈ మధ్య ఆ ఆరు పేజీలు మళ్లీ బయటికి తీసింది. ఈసారి మూడు నెలల డేటా కాదు, ఏడాది డేటా పెడతానంటోంది. బండిలో పక్కన కూర్చున్న వాళ్ల ఫోన్లలో కూడా కొలవాలంటే ముందు వాళ్లను అడిగి, ఒప్పుకున్నవాళ్లవే తీసుకుంటానంటోంది. "మళ్లీ తిరిగొస్తే ఏం చేస్తావమ్మా?" అని అడిగాను. "వస్తే ఎందుకొచ్చిందో రాస్తారు కదన్నా, అది చాలు" అంది.

కమ్మలు ఇంకా విడిపించలేదు. ఆ పని మా యువజన కూటం తీసుకుంది. పేపరు పని ఆమెది. ఈ రెండూ కలిసి చేయడమే సంఘమని నేను నమ్ముతున్నాను.